పెర్ల్ రివర్ కోడిపిల్లలు

తణుకు చుట్టుపక్కల లేయర్ ఫారాల్లో మేత కలిపేవాళ్లలో సీటీసీ తెలియనివాళ్లు ఉండరు. క్లోర్‌టెట్రాసైక్లిన్ అన్న పూర్తి పేరు నోరు తిరగకపోయినా, టన్ను మేతకు ఎంత పొడి వెయ్యాలో నోటి లెక్కగా చెప్పేవాళ్లను పశువైద్యుడిగా నా సర్వీసంతా చూశాను. మొక్కజొన్న, నూకలు, తవుడు, సోయా చెక్క, ఎండు చేపల పొడి, చివర్లో ప్రీమిక్స్. జబ్బు చేసినప్పుడు నీళ్లలో వేసే మందు వేరు, ఏ జబ్బూ లేకుండా మేతలో రోజూ పడే ఈ చిటికెడు వేరు. దేనికయ్యా ఇది అంటే, "పిల్ల ఎదుగుతుందండీ, మేత కలిసొస్తుంది" అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. మందు వేస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్ల కూడా ఎదుగుతుందని మొట్టమొదట బలంగా తేలింది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్లో, లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో. ఆ మందు పుట్టిన రోజుల్లో అక్కడ పరిశోధన అంతటికీ పెద్ద దిక్కు మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మన పేగుల్లోని బ్యాక్టీరియా గురించి ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న విషయాల్లో చాలావాటికి మొదలు ఆ కోడిపిల్లల దగ్గరే ఉందని నా నమ్మకం. అక్కడ అందిన ఆధారాన్ని అరవై ఏళ్లపాటు బరువు పెంచుకోవడానికి వాడుకున్నారే తప్ప, అది ఏం చెబుతోందో వినిపించుకున్నవాళ్లు తక్కువ.

సుబ్బారావు గారి జీవితం తెలుగువాళ్లకు కొత్తది కాదు. 1895లో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఎంబీబీఎస్ పట్టాకు బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరానికి శక్తి ఎలా అందుతుందో తేల్చిన పనిలో పాలు పంచుకున్నారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. నేను చెప్పదలచిన కథకు ముఖ్యమైనది అంతకు ముందరి దుఃఖం. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో గ్రహణితో చనిపోయారు. డాక్టర్లు ట్రాపికల్ స్ప్రూ అనే ఆ జబ్బులో మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది ఒంటికి పట్టదు. నాలుక ఎర్రగా పుండవుతుంది. జిడ్డుగా, నురగగా విరేచనాలు. నెలలు గడిచేకొద్దీ రక్తం పలచబడి, కండ కరిగి, ఎముకల గూడు మిగులుతుంది. వైద్యం చదువుతున్న కుర్రవాడు ఇంట్లో రెండు చావులు అలా చూశాడంటే, ఆ జబ్బును మరిచిపోవడం ఎలా సాధ్యం?

ఆయన 1940లో లెడర్లీలో చేరారు. అక్కడ చేపట్టిన పనుల్లో ఒకటి, కాలేయంలో ఉండి రక్తం పట్టేలా చేసే ఒక పదార్థాన్ని విడదీయడం. దీని వెనక ఇంకో కథ ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం ఎందుకు తగ్గిపోతోందో వెతికింది. ఈస్టుతో తయారయ్యే మార్మైట్ అనే చవకైన తిండి పెడితే తేరుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియలేదు. దాన్ని పట్టివ్వడానికి చివరికి పనికొచ్చింది ఒక బ్యాక్టీరియా. లాక్టోబాసిల్లస్ కేసీ అనే ఈ జీవి జున్నులోనూ, మనిషి నోట్లో, పేగుల్లోనూ బతుకుతుంది. దానికీ ఆ పదార్థం లేకపోతే గడవదు. కాలేయపు రసాన్ని శుద్ధి చేసిన ప్రతిసారీ ఒక చుక్క ఈ బ్యాక్టీరియాకు వేసి చూస్తారు. గాజుగొట్టంలో అది ఎంత చిక్కగా పెరిగితే పదార్థం అంత ఉన్నట్టు. పెర్ల్ రివర్‌లో స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్త ఈ విధంగా దాన్ని స్ఫటికాలుగా విడదీశాడు. 1945లో సుబ్బారావు గారి బృందం ప్రయోగశాలలోనే తయారు చేసి చూపింది. అదే ఫోలిక్ యాసిడ్. ఈరోజు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా గర్భిణుల చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఉండేది అదే. మరుసటి ఏడాదే టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇస్తే నాలుక మానింది, రక్తం పట్టింది, ఆకలి తిరిగొచ్చింది.

మనిషికీ, మనిషి పేగులో ఉండే సూక్ష్మజీవికీ అవసరం ఒకటే కావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. మన పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియాలో కొన్ని స్వయంగా ఫోలేట్‌ను, అంటే సహజ రూపంలోని ఫోలిక్ యాసిడ్‌ను, తయారు చేస్తాయి, కొన్ని ఇతరుల దగ్గర తీసుకుని బతుకుతాయి. సల్ఫా మందులు పనిచేసేది కూడా ఇక్కడే. బ్యాక్టీరియా తన ఫోలేట్ తను తయారు చేసుకోకుండా అవి అడ్డుపడతాయి. మనం తిండిలోనే తెచ్చుకుంటాం గనక మనకు ఆ దెబ్బ తగలదు.

పెర్ల్ రివర్ నుంచి వచ్చిన రెండో మందు మట్టిలోంచి పుట్టింది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ రిటైరయ్యాక, డెబ్భై దాటిన వయసులో లెడర్లీలో పనికి కుదిరాడు. తెలిసిన వాళ్లందరికీ ఉత్తరాలు రాసి దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించాడు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్ల శాన్‌బార్న్ పొలంలో, ఏళ్ల తరబడి తిమోతి గడ్డి మాత్రమే పెంచిన 23వ నంబరు మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు తేలే ఒక జీవి దొరికింది. దాని నుంచి తీసిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. మా ఫారాల సీటీసీ అదే. పెన్సిలిన్ లొంగదీయలేని జబ్బులకూ పనిచేసే ఆ మందును 1948 జూలైలో న్యూయార్క్‌లో ప్రకటించారు. మరుసటి నెలలోనే, ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. ఆయనకు 53 ఏళ్లు.

ఇంకొన్నేళ్లు బతికి ఉంటే ఆయన చూడవలసిన సంగతి ఒకటుంది. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో స్ప్రూ అంటువ్యాధిలా వ్యాపించింది. మన చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న ప్రాంతం అది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సెల్విన్ బేకర్, మాథన్ అనే డాక్టర్లు ఊరూరా తిరిగి ఆ రోగుల్ని పరిశీలించారు. స్ప్రూ రోగుల్లో, పెద్దపేగులో ఉండవలసిన బ్యాక్టీరియా పైకి ఎగబాకి చిన్నపేగులో కాపురం పెడుతుందనీ, తిండి పీల్చుకునే ఆ పైభాగపు పొర అరిగిపోతుందనీ అప్పటి పరిశోధనల్లో తేలుతూ వచ్చింది. ఒక్క ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం పడుతుంది గాని పేగు పూర్తిగా బాగుపడటం కష్టం. అందుకే దానికి టెట్రాసైక్లిన్ జోడించి నెలల తరబడి ఇవ్వడం చికిత్సగా స్థిరపడింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులు కావలసి వచ్చాయి. ఒకటి సుబ్బారావు గారి బృందం తయారు చేసింది, రెండోది ఆయన నడిపించిన ప్రయోగశాలలోనే పుట్టిన మందు కుటుంబానిది. వైద్య చరిత్రలో నాకు తెలిసినంతవరకు ఇలాంటిది మరొకటి లేదు.

ఇక కోడిపిల్లల సంగతి. ఆ రోజుల్లో అమెరికాలో కోళ్ల మేతకు చేపల పొడి, మాంసపు పొడి ఖరీదై సోయా వాడకం పెరిగింది. సోయా ఒక్కదాని మీద పిల్ల ఎదగదు. జంతువుల నుంచి వచ్చే తిండిలో ఏదో ఉంది, అది కావాలి. దాన్ని వెతికేవాళ్లలో లెడర్లీలోని టామస్ జ్యూక్స్ ఒకడు. అది బి12 విటమిన్ అని 1948లో బయటపడింది. సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయని తెలుసు గనక, ఆరియోమైసిన్ తీసేశాక తొట్టిలో మిగిలే పిప్పిని పిల్లలకు పెడదామన్న ఆలోచన వచ్చింది. చవక, పారబోసేదే. సోయా మాత్రమే తిన్న పెట్టల పిల్లల్ని తీసుకుని గుంపులుగా విడదీశాడు. కొన్నింటికి ఏమీ కలపలేదు, కొన్నింటికి కాలేయపు రసం, కొన్నింటికి ఈ పిప్పి. 1948 క్రిస్మస్ రోజున, అందరూ ఇళ్లల్లో ఉంటే, జ్యూక్స్ వచ్చి పిల్లల్ని తూకం వేసుకున్నాడు. ఏమీ కలపని గుంపులో చాలా వరకు చచ్చిపోయాయి. కాలేయపు రసం తిన్నవి బాగున్నాయి. పిప్పి తిన్నవి వాటిని కూడా మించాయి. బి12 అందడమే కారణమైతే రెండు గుంపులూ సమానంగా ఉండాలి. ఇక్కడ అంతకు మించి ఇంకేదో పనిచేస్తోంది. పిప్పిలో మిగిలిపోయిన కొద్దిపాటి ఆరియోమైసినే ఆ ఇంకేదో. అంతకు రెండేళ్ల ముందు, 1946లో, విస్కాన్సిన్‌లో స్ట్రెప్టోమైసిన్ పెట్టిన పిల్లలు కూడా కాస్త ఎక్కువ ఎదిగాయి గాని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఈసారి పట్టించుకున్నారు. 1950 ఏప్రిల్‌లో విషయం పత్రికలకెక్కింది. ఆ పిప్పి కోసం రైతులు ఎగబడ్డారు. టన్నుకు కొద్ది గ్రాములు చాలు. పందులకు పెట్టినా అంతే, దూడలకు పెట్టినా అంతే. పదేళ్లలో అది మేత వ్యాపారంలో మామూలు వస్తువైపోయింది, అక్కణ్ణుంచి దేశాలు దాటింది.

మందు సూక్ష్మజీవుల్ని చంపడానికి పుట్టింది, మాంసం పెంచడానికి కాదు. పిల్లకు జబ్బు లేదు. మరి బరువు ఎందుకు పెరిగినట్టు? జవాబు ఇంగ్లండులో మేరీ కోట్స్ చేసిన పనితో గట్టిపడింది. గుడ్డులోంచి బయటపడిన దగ్గర్నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా మూసిన గూళ్లలో పిల్లల్ని పెంచారు. వాటికి పెన్సిలిన్ పెట్టినా ఎదుగుదలలో తేడా లేదని 1963లో ప్రచురించారు. మామూలు షెడ్డులో పెరిగిన పిల్లల్లో మాత్రం తేడా కనిపించింది. అంటే మందు పిల్ల మీద నేరుగా పనిచేయడం లేదు. పిల్ల పేగులో ఉన్న జీవుల్ని అటూ ఇటూ మార్చి, వాటి ద్వారా పిల్లను మారుస్తోంది. ఫారంలో చచ్చిన కోడిని కోసి చూడటం నా రోజువారీ పని. కత్తెర పొట్ట దగ్గర నుంచి చివర దాకా నడిపి పేగును చీల్చి పరిస్తే, జబ్బు పడ్డ కోడి పేగు మందంగా, ఉబ్బి, లోపలి పొర గరుకుగా ఉంటుంది. మందు మేత తిన్న కోడి పేగు పలచగా, నునుపుగా ఉంటుంది. పేగు గోడను ఎప్పుడూ మరమ్మతు చేసుకుంటూ, లోపలి జీవులతో తగాదా పడుతూ ఉండే ఖర్చు తగ్గితే ఆ తిండి కండకు పోతుంది. అంత సంగతి 1963 నాటికే చేతిలో ఉంది. పేగు జీవుల్ని కదిపితే ఒళ్లు ఎలా పెరుగుతుందన్నదే మారిపోతుందని తెలిశాక, ఆ మందులే మన పిల్లలకు జలుబుకీ జ్వరానికీ పోస్తున్నామే, వాళ్లకేమవుతుందని అప్పుడే గట్టిగా అడగవలసింది.

అడక్కపోవడానికి ఆధారం లేకపోవడం కారణం కాదు. అమెరికా నేవీలో చేరిన ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లకు ఏడు వారాలు రోజూ ఆరియోమైసిన్, మరో గుంపుకు పెన్సిలిన్ ఇచ్చి, ఉత్త బిళ్లలు మింగినవాళ్ల కంటే వాళ్లు ఎక్కువ బరువెక్కారని 1955లో ప్రచురించారు. ఆ రోజుల్లో అది శుభవార్తగా చదివారు. బలహీనంగా పుట్టిన పసివాళ్లకూ ఇలాగే ఇచ్చి చూసినవాళ్లున్నారు.

ఇంకో దెబ్బ స్టువర్ట్ లెవీ అనే డాక్టరు చూపించాడు. బోస్టన్ దగ్గర ఒక కుటుంబం పెంచే కోళ్ల ఫారంలో, మందుల కంపెనీల సంఘం ఇచ్చిన డబ్బుతోనే, కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టాడు. వారం తిరక్కుండానే వాటి పేగుల్లో మిగిలిన బ్యాక్టీరియా దాదాపు అంతా ఆ మందుకు లొంగనిదే. ఐదారు నెలలకు ఫారం ఇంట్లో మనుషుల్లోనూ అదే మొదలైంది. వాళ్లెవరూ మందు మింగలేదు. ఆ ఇంటివాళ్ల మలం నమూనాల్లో 31.3 శాతం, ఇరుగుపొరుగువాళ్ల వాటిలో 6.8 శాతం, ఎనభై పాళ్లకు పైగా మొండి బ్యాక్టీరియాతో నిండి ఉన్నాయి. 1976లో అచ్చయిన ఈ పని చదివినప్పటి నుంచీ ఫారం షెడ్డుకూ, కాపలా మనిషి వంటింటికీ మధ్య గోడ ఉందని నేను అనుకోలేకపోయాను. మా వైపు షెడ్డు పక్కనే రేకుల గదిలో భార్యాబిడ్డలతో కాపురముండి, అదే చేత్తో గుడ్లు ఏరి, అదే చేత్తో పిల్లకు అన్నం పెట్టే కుటుంబాలు ఎన్నో. ఆ పిల్లల పేగుల గురించి లెక్కలు తీసినవాళ్లు నాకు కనపడలేదు. ఈ విషయంలో నా బాధ ఎప్పటికీ తగ్గదు.

స్వీడన్ 1986లో ఎదుగుదల కోసం మందులు పెట్టడం ఆపేసింది, ఐరోపా సమాఖ్య 2006లో. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మందును పశువులకూ కోళ్లకూ వాడకుండా నిషేధించింది. ఆసుపత్రిలో మరే మందూ పనిచేయనప్పుడు డాక్టరు చివరగా చేతిలోకి తీసుకునే మందు అది.

జ్యూక్స్ కోడిపిల్లల ప్రశ్నకు మనుషుల వైపు నుంచి జవాబు వెతికింది న్యూయార్క్‌లో మార్టిన్ బ్లేజర్ బృందం. 2012లో చిట్టెలుకలకు చాలా తక్కువ మోతాదులో కొన్ని మందులు ఇచ్చారు. అందులో మన సీటీసీ కూడా ఉంది. కొవ్వు పెరిగింది. 2014లో ఇంకో అడుగు వేశారు. పుట్టిన కొత్తలో కొద్ది వారాలే పెన్సిలిన్ ఇచ్చి ఆపేసినా తర్వాత ఒళ్లు మారింది. అన్నిటికంటే ముఖ్యం, మందు తిన్న ఎలుకల పేగు జీవుల్ని తీసి, ఏ మందూ తినని, ఏ జీవులూ లేని ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ కొవ్వు పట్టింది. మార్పు మోసుకొచ్చింది మందు కాదు, ఆ జీవులే. మన ఒంట్లో ఇలాంటివి 38 లక్షల కోట్ల దాకా ఉంటాయని 2016లో వేసిన అంచనా. మన సొంత కణాల కంటే కాస్త ఎక్కువే, అన్నీ కలిపి తూస్తే పావు కేజీ కూడా ఉండవు. మనకు అరగని పీచును పులియబెట్టి పెద్దపేగు పొరకు ఆహారం అందించేవీ, జబ్బు క్రిములకు చోటు దొరక్కుండా కాపు కాసేవీ ఇవే.

ఆ చోటు సంగతి కోళ్ల వైద్యంలో చక్కగా తేలింది. 1971లో ఫిన్లాండు ఫారాల్లో సాల్మొనెల్లా పట్టుకుంది. ఎస్కో నుర్మీ అనే పశువైద్యుడు, పెద్ద కోడి పేగుల్లోని సరుకును నీళ్లలో కలిపి, అప్పుడే పుట్టిన పిల్లల నోట్లో వేశాడు. తర్వాత సాల్మొనెల్లా ఎక్కించినా చాలావాటికి పట్టలేదు. 1973లో రన్తలాతో కలిసి దీన్ని ప్రచురించాడు. మా పెరట్లో గంప కింద పొదిగిన కోడి పిల్లలకు నుర్మీ అవసరం లేదు. తల్లి పెంటకుప్ప గీకుతుంటే వెంటపడి, తల్లి రెట్ట మీదే ముక్కు పెట్టి, ఒక్క పూటలో పేగు నింపుకుంటాయి. హేచరీ పిల్లకు తల్లి లేదు. మిషనులో పొదిగి, ఫార్మలిన్ పొగ పెట్టిన గదిలో ట్రేలో పగిలి, టీకా సూది పొడిపించుకుని, అట్టపెట్టెలో లారీ ఎక్కుతుంది. దాని ఖాళీ పేగులోకి మొదట ఏది చేరితే అదే పాతుకుపోతుంది. అందుకే ఇప్పుడు మంచి బ్యాక్టీరియా ద్రావణాన్ని మొదటి రోజే పిల్లల మీద చల్లే ఫారాలు కనిపిస్తున్నాయి. నాకు సంతోషం. సీటీసీ సంచి తగ్గించాలనుకునే రైతు, ఊక పొడిగా ఉంచి, నీళ్ల పైపులు కడిగి, ఈ పని ముందు చెయ్యాలని నేను చెబుతుంటాను.

పసిబిడ్డ దగ్గరా తేడా ఏమీ లేదు. వెనెజులాలో పుట్టిన పిల్లల్ని పరిశీలించి 2010లో ప్రచురించిన పనిలో, మామూలు కాన్పులో పుట్టిన బిడ్డ మీద తల్లి యోనిలోని బ్యాక్టీరియా కనిపించింది, సిజేరియన్ బిడ్డ మీద చర్మం మీద ఉండే రకాలు కనిపించాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5. తల్లీబిడ్డల ప్రాణం కాపాడే ఆపరేషన్‌ను కాదనను, నేనూ ఆవులకు చేశాను. ముహూర్తానికీ, నొప్పుల భయానికీ, ఆసుపత్రి సౌకర్యానికీ చేసే కోతలే నన్ను కలవరపెడతాయి. బిడ్డకు మొదటి వలస ఎక్కణ్ణుంచి రావాలో అక్కడ ఎవరూ అడగడం లేదు.

కోత తప్పనప్పుడు కూడా చేతిలో ఉన్నది ఒకటుంది. తల్లిపాలలో బిడ్డకు అరగని ఒక రకం చక్కెరలు పుష్కలంగా ఉంటాయి, ముర్రుపాలలో మరీ ఎక్కువ. అవి బిడ్డ కడుపులో చేరే బిఫిడో బ్యాక్టీరియాకు తిండి. ఈనిన ఆవు జున్నుపాలు పిండుకుని ఇంటిల్లిపాదీ తిని దూడను ఆకలితో కట్టేసిన ఇళ్లల్లో, ముందు దూడకు, గంట లోపు, దాని కడుపు నిండా అని పోట్లాడేవాణ్ణి. అవే ఇళ్లల్లో బాలింత ముర్రుపాలు పిండి పారబోసి బిడ్డకు పంచదార నీళ్లు నాకించే ముసలమ్మలకూ అదే చెప్పేవాణ్ణి. కొందరు "మీరు గొడ్ల డాక్టరు గదండీ" అనేవారు. అయినా చెబుతూనే ఉన్నాను, ఇప్పటికీ చెబుతున్నాను: ఆపరేషన్ బల్ల మీద నుంచి దింపగానే బిడ్డను తల్లి ఒంటికి ఆనించమనండి, మొదటి గంటలో రొమ్ము పట్టించమనండి, పంచదార నీళ్ల గిన్నె ఆ గదిలోకి రానివ్వకండి.